పన్నెండు గళ్లు ఇటు, పది గళ్లు అటు

టైల్స్ మేస్త్రీ ముప్పై ఏళ్లుగా పరాయి ఇళ్లకు నేలలు పరుస్తున్నాడు గానీ, సొంత వంటగదికి మాత్రం పగుళ్లిచ్చిన సిమెంటు గచ్చే. భార్య మంచాన పడ్డాక, ఆమెకు పొద్దుపోవడానికి కూతురు జావాస్క్రిప్టులో బొమ్మలు గీసే ఏదో కాన్వాస్ లైబ్రరీ పెట్టి కంప్యూటర్‌లో గళ్ల పలక ఒకటి తయారుచేసింది. గడి మీద నొక్కితే కోరిన రంగు నిండుతుంది, మళ్లీ నొక్కితే పోతుంది. సరిగ్గా వాళ్ల వంటగది కొలతే: పన్నెండు గళ్లు ఇటు, పది గళ్లు అటు.

"అమ్మా, గీసింది దాచే బటన్ ఇంకా పెట్టలేదు. ఆదివారం పెడతా. అందాకా సిస్టం ఆపకు, ఆపితే గీసిందంతా పోతుంది," అంది కూతురు. అప్పుడు మేస్త్రీ పనిలో ఉన్నాడు.

నాలుగు రోజులు ఆమె ఒక్కో గడీ నింపుకుంటూ వచ్చింది. "ఏమయ్యా, ఊరందరి నేలలూ చూస్తావు, నాది ఒక్కసారి చూడవా?" అని సాయంత్రం పూట దెప్పేది.

"పగలంతా గళ్లే, ఇంటికొచ్చినా గళ్లేనా! పూర్తి చెయ్యి, చూస్తాలే," అని నవ్వేసేవాడు.

శుక్రవారం పొద్దున ఆమె పోయింది.

చుట్టాలంతా వెళ్లిపోయాక, గదిలో ఏదో గుర్రుమంటోందని మేస్త్రీ ప్లగ్గు పీకేశాడు. కూతురు వచ్చి ఆన్ చేసేసరికి గళ్లన్నీ తెల్లగా ఉన్నాయి.

చాలాసేపు ఏడ్చి, మౌస్ అందుకుంది. "పోనీలే నాన్నా. నువ్వు ఒకసారి చూసిన నేల మర్చిపోవుగా. ఏ గడిలో ఏ రంగో చెప్పు, నింపుతా."

మేస్త్రీ ఆ తెల్లగళ్ల ముందు చతికిలబడ్డాడు.

"నేను చూళ్లేదు తల్లీ," అన్నాడు. "మీ అమ్మ ఎన్నిసార్లు పిలిచినా చూళ్లేదు."