కానాగంతల వేలంపాట

ఇల్లు పొదుపుగా నడుపుకోవడం ఎలాగో నన్ను మాత్రం అడగొద్దు. మొన్న మా మనవరాలు అడిగింది, ధరలు ఇలా మండిపోతున్నాయి, మీ కాలంలో ఎట్లా నెట్టుకొచ్చారు అవ్వా అని. నాకు ఒళ్ళు మండింది. పాపం, పిల్ల తప్పేం లేదు. ఆ మాట వింటే చాలు, నెత్తిన గంప, ఒంటి నిండా నీచు వాసన, వెనకాల నాలుగు కుక్కలతో నెల్లూరు వీధుల్లో తిరిగిన ఒక పడుచు ఇల్లాలు నా కళ్ళముందుకొస్తుంది. ఆవిడ నేనే. ఆవిడ వెలగబెట్టిన ఘనకార్యం చెబుతాను, హాయిగా నవ్వుకోండి. మీరు నవ్వుతున్నంతసేపూ నేను మాత్రం కోపంగానే ఉంటానని ముందే చెప్పేస్తున్నాను.

అరవైల నాటి మాట. అణాలు పోయి నయాపైసలు వచ్చి కొన్నేళ్ళయినా, మేమింకా అణాల్లో బేరమాడి నయాపైసల్లో మోసపోతున్న రోజులు. బియ్యం ధర పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. కందిపప్పు సంగతి శెట్టిని అడిగితే, ముందు కూర్చోమని మంచినీళ్ళిచ్చి ఆ తర్వాత చెప్పేవాడు. మా ఆయన రైసుమిల్లులో గుమాస్తా. రోజంతా బియ్యం బస్తాల మధ్య కూర్చునే మనిషి, ఇంటికి మాత్రం శెట్టి దగ్గర కొనాల్సిందే. దానికైనా ఆయనకు కోపం రావాలా వద్దా? రాదు. దేవుడు ఆయన వాటా కోపం కూడా నాకే ఇచ్చి పంపాడు.

ఇంట్లో మేమిద్దరం కాక మా అత్త, మా ఆడబిడ్డ సుగుణ. సుగుణ ఎస్సెల్సీ చదువుతోంది. ఒకరోజు రాత్రి అన్నాలు తింటుండగా మా అత్త, మజ్జిగ పోసుకున్నంత తేలికగా ఒక మాట అనేసింది. ఆడపిల్లకి ఈ చదువు చాలు, బడి మాన్పిస్తే ఫీజులు, పుస్తకాలు, రాత్రిళ్ళు దీపానికి కాలే కిరసనాయిలు, అన్నీ మిగులుతాయి అని. మా ఆయన దూలాల వైపు చూస్తూ అన్నం కలుపుతున్నారు. సుగుణ ముద్ద నోట్లో పెట్టుకోకుండా అట్లాగే కూర్చుంది. నన్ను ఐదో తరగతిలో మాన్పించినప్పుడు మా పుట్టింట్లోనూ సరిగ్గా ఇదే మాట అన్నారు. అప్పుడు నోరు లేదు. ఇప్పుడుంది.

"ఖర్చు తగ్గించే పని నాకు ఒదిలిపెట్టండత్తా. పిల్ల జోలికి మాత్రం పోబాకండి" అన్నాను.

"తగ్గించు, చూస్తా. నెలాఖరుకి తగ్గకపోయిందా, బడి మానాల్సిందే" అంది మా అత్త.

ఆ మర్నాటి నుంచీ మా ఇంట్లో పొదుపు మొదలైంది. చెబితే సిగ్గు గానీ, చెప్పకపోతే కోపం పోదు. చాకలిని మాన్పించి బట్టలు నేనే ఉతికాను. నీలిమందు కాస్త ఎక్కువై మా ఆయన తెల్లచొక్కాలన్నీ ఆకాశం రంగుకు తిరిగాయి. ఆయన వాటినే తొడుక్కుని మిల్లుకు వెళ్ళొచ్చారు. కాఫీపొడి వాడిందే వాడి మూడోసారి డికాక్షన్ దింపితే, గ్లాసు పైకెత్తి వెలుతురుకు పట్టి చూసి, ఇది కాఫీయా, గ్లాసు కడిగిన నీళ్ళా అని అడిగారు. అదీ నెమ్మదిగానే. సబ్బుబిళ్ళను దారంతో ముక్కలు కోసి తలా ఒక ముక్క పంచితే మా అత్త ముక్క ఎలుక ఎత్తుకుపోయింది. ఇంత చేసినా ఖర్చు తగ్గలేదు. నేను ఒక పక్క గీకి మిగిల్చింది శెట్టి ఇంకో పక్క నుంచి లాక్కుపోయేవాడు.

ఇక మిగిలింది చేపలు. మా అత్తకు వారంలో రెండుసార్లయినా చేపల పులుసు లేకపోతే అన్నం సయించదు, కాబట్టి మానడానికి లేదు. చేపలు తెచ్చేది మస్తానమ్మ. మైపాడు మనిషి. తెల్లారి రేవులో వేలంపాటలో సరుకు పాడుకుని, బస్సెక్కి నెల్లూరొచ్చి, గంప నెత్తిన పెట్టుకుని మా వీధులన్నీ తిరిగేది. ఆ వారం కానాగంత చేపల ధర ఇంకొంచెం పెంచి చెప్పింది. నేను రేగిపోయాను. రేవులో ఇసకలాగా పడుండే చేపకు ఇంత ధరా అని వీధి వినబడేట్టు అరిచాను.

"రేవులోనే రేటు పెరిగిపోయిండాది రవణమ్మా, నేనేం జేసేది" అంది.

"రేవుకి నేనే పోయి తెచ్చుకుంటా. ఇంక నీ గంప మా వీధిలో దించబాక" అన్నాను.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. ఆ ఊపులో చుట్టుపక్కల నాలుగిళ్ళకూ తిరిగి, ఆదివారం చేపలు నేను తెస్తాను, మస్తానమ్మకిచ్చే దాంట్లో సగానికే ఇస్తాను అని ఉపన్యాసం చెప్పి డబ్బులు పోగుచేశాను. అవి బొడ్లో దోపుకున్నాను. అదే బొడ్లో ఇంకో ముడి ఉంది. సుగుణ పరీక్ష ఫీజు. సోమవారం కట్టమని మా ఆయన నా చేతికిచ్చారు. ఇంట్లో పెడితే మా అత్త కంటబడి బియ్యమైపోతుందని నేనే ఒంటిమీద పెట్టుకుని తిరుగుతున్నాను. చూశారా, ఎంత జాగ్రత్త గల మనిషినో.

ఆదివారం మొదటి బస్సుకు మైపాడు చేరాను. పడవలు ఒడ్డుకొచ్చేశాయి. ఇసకలో కుప్పలు కుప్పలుగా చేపలు పోసి ఉన్నాయి. పాట పాడించే ముసలాయన ఒక్కో కుప్ప దగ్గరా నిలబడి ధర పిలుస్తున్నాడు. గంపలు పట్టుకున్న ఆడవాళ్ళు చుట్టూ నిలబడి ఉన్నారు. వాళ్ళు ఒకరి మీద ఒకరు ఎగబడి పాడరు. ఒకామె మొదలుపెడితే ఇంకొకామె అర్ధరూపాయి వేస్తుంది, అక్కడితో తెగిపోతుంది. వాళ్ళ వెనకాల ఐసుపెట్టెల వ్యాపారి ఒకడు, చేతికి వాచీతో, బీడీ తాగుతూ ఊరికే చూస్తున్నాడు. ఇదంతా ఇప్పుడు చెబుతున్నాను. ఆ రోజు నాకు ఇవేవీ కనబడలేదు. ఎదురుగా నిలబడ్డ మస్తానమ్మ ఒక్కతే కనబడింది.

కానాగంతల కుప్ప పాటకొచ్చింది. మస్తానమ్మ పన్నెండు అంది. నేను పదమూడు అన్నాను. అందరూ నా వైపు తిరిగారు. మస్తానమ్మ నన్ను చూసి వద్దన్నట్టు తల ఊపింది, నోటి మీద వేలు పెట్టుకుని ఊరుకోమని సైగ చేసింది. ఓహో, బేరం పోతుందని భయం పట్టుకుందన్నమాట అనుకున్నాను. ఎవరూ పాడకుండానే నా పాట మీద నేనే పదిహేను అన్నాను. ముసలాయన చెవులు రిక్కించాడు. మస్తానమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. ఈలోగా వెనకాల ఐసుపెట్టెల వాడు బీడీ పారేసి పదహారు అన్నాడు. టౌను నుంచి ఒక ఆడమనిషి వచ్చి ఇంతగా ఎగబడుతోందంటే ఈ చేపలో ఏదో ఉందనుకున్నాడేమో. వాడి మీద నాకు ఇంకా కోపమొచ్చింది. వాచీ పెట్టుకున్నంత మాత్రాన గొప్పా? వాడొక రూపాయి, నేనొక రూపాయి. చివరికి వాడు నవ్వి చేతులు కట్టుకున్నాడు. ఇరవై ఏడు రూపాయలకు కుప్ప నాదయింది.

నాలుగిళ్ళ డబ్బూ, మా డబ్బూ కలిపినా చాలలేదు. రెండో ముడి విప్పాను. విప్పేటప్పుడు సుగుణ గుర్తు కూడా రాలేదు. మస్తానమ్మ ఓడిపోయింది, అదొక్కటే బుర్రలో ఉంది. ఆ నిమిషం తల్చుకుంటే ఈ వయసులోనూ నన్ను నేను చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

తర్వాతి కుప్పను ముసలాయన ఇరవై ఐదు దగ్గర మొదలుపెట్టాడు. ఆ తర్వాతిదీ అంతే. ఆడవాళ్ళు ఏదో గొణుక్కుంటూ ఆ ధరకే కొన్నారు. నేనేమనుకున్నానో తెలుసా? వీళ్ళూ ఇంచుమించు ఇంతకే కొంటున్నారంటే నేను మంచి ధరకే కొన్నానన్నమాట అని మురిసిపోయాను. ఇంతకంటే తెలివైన మనిషి ఆ రోజు ఆ సముద్రం ఒడ్డున లేదు. మస్తానమ్మ పక్కనుంచి పోతూ "నీకో దణ్ణం తల్లా" అని మాత్రం అని, ఉన్న బస్సెక్కి వెళ్ళిపోయింది.

నా కుప్ప నాలుగు గంపలైంది. ఆ గంపలు దొరికి, సర్దుకునేసరికి ఆ బస్సు కాస్తా పోయింది. తర్వాతి బస్సు కండక్టరు ఎక్కించనన్నాడు. వాడితో ఎంతసేపు పోట్లాడానంటే డ్రైవరు దిగి టీ తాగి వచ్చాడు. చివరికి గంపలు టాపు మీద పడ్డాయి. దారిలో ఎండకు ఆ చేపల నీళ్ళు కిటికీల మీదుగా కారి, పెళ్ళికి పోతున్న ఒక పెద్దమనిషి పట్టుకండువా తడిసింది. బస్సంతా నన్ను తిట్టింది. నేను బస్సంతటినీ తిట్టాను. మధ్యలో టైరు కూడా పగిలింది. టైరును మాత్రం ఏమీ అనలేకపోయాను.

నేను వీధిలోకి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. నాలుగిళ్ళలోనూ చేపల పులుసు ఉడుకుతోంది. నా కోసం చూసి చూసి, ఆకలి తట్టుకోలేక మస్తానమ్మనే పిలిచి కొనేసుకున్నారట. ఇయ్యాల రేటు మరీ ఘోరంగా ఉందని నాకే ఫిర్యాదు చేశారు. నా చేపల చెవులెత్తి చూసి, మెత్తబడ్డాయి, మాకొద్దు, సాయంత్రానికి మా డబ్బులు మాకిచ్చెయ్ అన్నారు. అప్పుడు గుర్తొచ్చింది సుగుణ. రేపు సోమవారం. ఆ గంపల పక్కనే నేల మీద చతికిలబడ్డాను.

ఏడవడానికి తీరిక లేదు, ఎండ ముదురుతోంది. ఇంటికి పులుసుకు సరిపడా చేపలు పంపించి, మిగతావి ఒక రిక్షాలో వేయించి, మమ్మల్ని ఎరగని వీధులకు వెళ్ళాను. కొంగు ముఖం మీదికి లాక్కుని గంప నెత్తికెత్తుకున్నాను. చేపలో అని అరవాలంటే సిగ్గేసి నోట్లోనే గొణుక్కున్నాను. కుక్కలే ముందు కనిపెట్టాయి. మొదటి ఇంటావిడ చేప తిప్పి చూసి, "ఇదేం రేటు మే? రేవులో ఇసకలాగా పడుండే చేప" అంది. నా మాటే. పొల్లు పోకుండా నా మాటే. నా అరికాలి మంట నెత్తికెక్కింది.

"రేవులోనే రేటు పెరిగిపోయిండాది తల్లా" అన్నాను.

అని, ఒక్క పైసా తగ్గించలేదు. ఎట్లా తగ్గిస్తాను? తగ్గించిన పైసా సుగుణ ఫీజులోంచి పోతుంది. ఎంత పెద్ద ఇల్లాలు ఎంత గదమాయించినా, వేరే ఎక్కడైనా అడిగి చూసుకోమన్నాను. వాళ్ళు అడిగి చూసుకుని మళ్ళీ నా దగ్గరికే వచ్చారు. ఆ రోజు నెల్లూరంతా అదే రేటు. దీపాలు పెట్టే వేళకు నాలుగిళ్ళ డబ్బూ వచ్చింది, ఫీజూ వచ్చింది. గంప అడుగున మిగిలినవి కుక్కలకు పోశాను, అవీ మధ్యాహ్నం నుంచీ కష్టపడ్డాయి. మర్నాడు తలంటుకుని బడికెళ్ళి ఫీజు కట్టాను. తీసుకున్న గుమాస్తా ముక్కు మూసుకునే తీసుకున్నాడు.

ఆ ఆదివారం రాత్రే మా అత్త అరుగు మీద కూర్చుని శాపనార్థాలు మొదలుపెట్టింది. టౌను నుంచి ఎవతో డబ్బు పొగరుతో పోయి మైపాడులో పాట పెంచేసిందట, దాని నోరు పడిపోను, దాని వల్ల కదా ఊళ్ళో చేప ముట్టుకోను లేకుండా పోయింది అని. వీధిలో ఆడవాళ్ళంతా తలా ఒక తిట్టు కలిపారు. నువ్వూ ఆడే ఉండావు కదా, చూసినావా దాన్ని అని నన్నడిగింది. చూశానన్నాను. పొట్టిగా, లావుగా, పళ్ళెత్తుగా ఉందని చెప్పాను. అందరికంటే గట్టిగా నేనే తిట్టాను. మా ఆయన నా వైపు ఒకసారి చూసి, గాలి ఒకసారి పీల్చి, లోపలికి వెళ్ళి పడుకున్నారు.

బుధవారం మస్తానమ్మ వచ్చింది. మా అత్తే బేరానికి దిగింది. రేటు వినగానే మళ్ళీ ఆ పళ్ళెత్తు మనిషి మీద పడి వంశమంతా ఎత్తి తిట్టింది. మస్తానమ్మ గంప కిందికి దించింది.

"నన్నంటే ఏం లాభం, ఎవతినో అంటే ఏం లాభం పెద్దమ్మా. ఈ రేటు నీ కోడలు పెట్టిందే" అంది.

ఆ తర్వాత జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పేసింది, వేలు పెట్టి సైగ చేసి చూపించడంతో సహా. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. అయిపోయింది, సుగుణ చదువు నా చేతులతోనే తెగ్గొట్టాననుకున్నాను. మా అత్త నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"ఫీజు డబ్బులు గూడా పాటలో పెట్టినావా?"

పెట్టానన్నాను. మళ్ళీ వీధుల్లో తిరిగి అమ్మి, సోమవారమే కట్టేశానన్నాను.

"కట్టిన డబ్బులు మళ్ళా ఇస్తారా?"

ఇవ్వరన్నాను. ఆవిడ పళ్ళు కొరుక్కుని లోపలికి తిరిగి కేకేసింది. "మే సుగుణా, పుస్తకం తియ్. ఈ ఫీజు దండగ జేసినావంటే కాళ్ళిరగ్గొడతా. కిరసనాయిలు అయిపోతే చెప్పు, తెప్పిస్తా."

తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు మాత్రం ఇంక ఈ ఇంట్లో ఖర్చు తగ్గించబాక. నీ పొదుపుకి మనకాడ డబ్బుల్లేవు."

సుగుణ పాసయింది. ఫీజు దండగ కాలేదని మా అత్త వీధంతా చెప్పుకుంది. నేనేమో ఆ బుధవారం రాత్రే తలంటుకుని, తూర్పున సముద్రం ఉన్న వైపుకు తిరిగి నిలబడి, దణ్ణం పెట్టి ప్రమాణం చేశాను. ఈ జన్మలో వేలంపాట జరిగే చోటికి వెళ్ళను, ఎవరైనా నోరు మూసుకోమని సైగ చేస్తే తక్షణం మూసుకుంటాను అని. మొదటిది ఈ రోజు వరకూ నిలబెట్టుకున్నాను. రెండోది ఇంకా ప్రయత్నంలో ఉంది.