ఇస్త్రీ బల్ల దగ్గర చదివిన నవల

ఇస్త్రీ కొట్టు ఆవిడకు వీధిలో పెట్టిన పేరు అనుమానాలమ్మ. పెట్టినవాళ్ళ తప్పేం లేదు. పాలు వాసన చూడనిదే పొయ్యి మీద పెట్టదు. తలుపుకు తాళం వేసి, నాలుగడుగులు నడిచి, వెనక్కొచ్చి మళ్ళీ లాగి చూస్తుంది. ఎవరైనా నవ్వుతూ పలకరించారా, వీళ్ళకేదో పని పడిందనే అనుకుంటుంది. ఇంత లోకంలో ఆవిడ కళ్ళు మూసుకుని నమ్మేది ఒక్క మనిషిని, మొగుణ్ణి. ఆ మాట ఆయన ముందు మాత్రం ఎన్నడూ అనలేదు, నెత్తికెక్కుతాడని.

పెళ్ళైన కొత్తలో ఆయన ఎవరిదో మంచి చొక్కా కాల్చాడు. అప్పటి నుంచి ఇస్త్రీ పెట్టె ఆవిడది, మడతలు ఆయనవి. మడతలు అయిపోతే స్టూలు మీద కూర్చుని నవల చదివి వినిపించేవాడు. అన్నీ అద్దె పుస్తకాలే. గుర్రబ్బళ్ళు, పెద్ద పెద్ద బంగళాలు, ఉత్తరాల కోసం కిటికీ దగ్గర కాచుకునే ఆడపిల్లలు. ఆవిడ కాలర్లు రుద్దుతూ వినేది, ఏడవాల్సిన చోట ఏడ్చేది. బట్టలకు వేరే నీళ్ళు చల్లక్కర్లేదని ఆయన వెక్కిరించేవాడు.

ఈ మధ్య ఆ పాత నవలలన్నీ సినిమాలై టీవీలో వస్తున్నాయి. కూతురు కొట్లో గోడకు చిన్న టీవీ పెట్టించింది. అక్కడ మొదలైంది ఆవిడ గొడవ.

"ఇదేంటే, నడుం అలా బిగించేస్తే ఆ పిల్ల ఊపిరెలా తీస్తుంది? ఈ వాన నవల్లో లేదే! ఆ కుర్రాడు గుర్రం దిగే తీరు చూడు, నిన్ననే నేర్చుకున్నట్టున్నాడు!"

సినిమా మొదలైందంటే చాలు, ఆయనకు ఎవరికో బట్టలు ఇచ్చి రావాలని గుర్తొచ్చేది. అదీ ఆవిడ గమనించింది. గమనించకుండా ఉంటుందా!

ఒక మధ్యాహ్నం ఆవిడకు ప్రాణమైన నవల సినిమాగా వచ్చింది. జబ్బుపడిన తల్లిని చూడ్డానికి కూతురు మంచులో బండి కట్టించుకుని బయల్దేరుతుంది. ఆయన చదివిన కథలో సమయానికి చేరుకుంటుంది, తల్లి ఆమె చేతుల్లోనే కన్నుమూస్తుంది. సినిమాలో బండి గుమ్మంలోకి వచ్చేసరికి తల్లి ముఖం మీద దుప్పటి కప్పేసి ఉంది.

"మోసం!" అంది ఆవిడ, పెట్టె నిలబెట్టి. "బంగారంలాంటి కథని పాడుచేశారు!"

మర్నాడు కూతురు లైబ్రరీ నుంచి ఆ నవల తెచ్చి, బల్ల పక్కనే నిలబడి చివరి పేజీలు తిరగేసింది. తండ్రి అక్కడే దుప్పట్లు మడతపెడుతున్నాడు.

"సినిమావాళ్ళు ఏం మార్చలేదమ్మా. పుస్తకంలోనూ అంతే. ఆ తల్లి కూతుర్ని చూడకుండానే పోతుంది."

"అయితే అచ్చువేసినవాళ్ళే ఏదో చేసుంటారు."

"అబ్బ, అమ్మా!"

ఆయన తలెత్తలేదు. ఆవిడ అనుమానం ఊరంతా తిరిగి చివరికి ఇంటికే వచ్చింది.

"ఏమండీ, మీరు మార్చారా?"

"నీకది చదివేటప్పటికి మీ అమ్మ పోయి నెలైనా కాలేదు. దీన్ని ఉయ్యాల్లో వేసి అప్పుడే మళ్ళీ పెట్టె పట్టుకున్నావు. ఉన్నదున్నట్టు ఎలా చదవమంటావు, చెప్పు?"

ఆవిడ మనసు కరిగింది. కరిగిన మరుక్షణమే ఇంకో అనుమానం లేచింది. తల్లి పోయినప్పుడు తాను పురిటి మంచం మీద ఉంది. ఆస్పత్రికి వెళ్ళింది ఆయనే, వచ్చి చెప్పిందీ ఆయనే.

"మరి మా అమ్మ నిద్రలోనే పోయిందన్నారు. అదో?"

ఆయన చేతిలో దుప్పటి సగం మడతలో ఆగిపోయింది. కూతురు టీవీ కట్టేసింది.

"నిద్రలో కాదు" అన్నాడు. "నిన్నే పిలుస్తూ ఉంది. చివర్లో చూపు ఆనలేదు. నా చెయ్యి పట్టుకుని, వచ్చావా తల్లీ అంది. వచ్చానమ్మా అన్నాను. గొంతు తేడా కూడా తెలియలేదు పాపం."

ఆవిడకు కోపం, దుఃఖం ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఇన్నేళ్ళూ దాచాడా!

"ఇదన్నా నిజమేనా? నా కోసం అల్లింది కాదు కదా?"

"నిజమే."

"ఒట్టు?"

"నీ మీదొట్టు."

ఆయన ముఖంలోకి గుచ్చి గుచ్చి చూసింది. నవల మార్చి చదివిన రోజునా ఈ ముఖం ఇలాగే ఉంది కదా! నమ్మాలని ప్రాణం కొట్టుకుంటోంది, నమ్మడానికి ధైర్యం చాలడం లేదు. కన్నీళ్ళు మాత్రం ఆ సంగతి తేలేదాకా ఆగలేదు.