మూసుకోని నల్లదారం వలయం

పోయిన వారం మా అపార్ట్‌మెంటులో లిఫ్టు గడప దగ్గర ఒక నల్లదారం దొరికింది. ఉత్త దారం కాదు. చిటికెన వేలంత పొడవున ముడి పక్కన ముడి వరసగా వేసి, గుండ్రంగా వంచి, కొసలు అలాగే వదిలేసిన దారం. హనుమకొండలో ఐదంతస్తుల భవనం మాది, అందులో లెక్చరర్లున్నారు, ఇంజనీర్లున్నారు, ఒక డాక్టరు కూడా ఉన్నాడు. పొద్దున నేను కిందికి దిగేసరికి వాళ్ళందరూ ఆ దారానికి మూడడుగుల దూరంలో, పామును చూసినట్టు చూస్తూ నిలబడి ఉన్నారు. సెక్రటరీ నన్ను చూడగానే ఊపిరి పీల్చుకుని, "ఆంటీ, మీరు గివన్నీ నమ్మరు గదా, జర మీరే తీసి పడేయిండ్రి. నమ్మనోళ్ళకు తగలదంట" అన్నాడు. నలభై ఏళ్ళపాటు ఊరూరా తిరిగి బాణామతి లేదు, చేతబడి లేదు అని గొంతు చించుకున్న మనిషికి చివరికి దక్కిన ఉద్యోగం ఇదీ.

అప్పటికే కెమెరా చూసి అనుమానితురాలిని తేల్చేశారు. మూడు ఇళ్ళలో అంట్లు తోమే ఆమె ముందురోజు సాయంత్రం లిఫ్టు ముందు వంగినట్టు అందులో ఉందట. "చెప్పు పట్టీ ఊడితె వంగిన సారూ, నా పిల్లల మీద ఒట్టు" అని ఆమె మెట్ల దగ్గర నిలబడి చెబుతూనే ఉంది, ఎవరూ ఆమె వైపు చూడటం లేదు. మూడు ఇళ్ళ పనీ పోబోతోందని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. నేను వంగి దారాన్ని తీసుకుని, కొస పట్టి బొటనవేలితో లాగాను. వలయం కదలలేదు. అది కదలకపోయేసరికి నా ఒళ్ళు జల్లుమంది. బాణామతికి కాదు, నా పన్నెండో ఏట మట్టెవాడలో మా నడిమింట్లో నా కళ్ళముందు ఇలాగే కదలని ఇంకొక నల్లదారం గుర్తొచ్చి.

మన వయసు వాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో లేసు లేని ఇల్లు ఉండేది కాదు. దిండు గలీబుకు లేసు, లంగా అంచుకు లేసు, ఆఖరికి రేడియో మీద కప్పిన గుడ్డకు కూడా లేసు. కొక్కెం సూదితో అల్లేవాళ్ళు మా వాడలో చాలామందే ఉండేవారు. కాని సూది లేకుండా, దారం చుట్టి అరచేతిలో ఇమిడే చిన్న నాడెతో, ఒట్టి ముడులతోనే లేసు అల్లే టాటింగ్ పనిని మా వాడకు తెచ్చింది మా ఘన్‌పూర్ అత్త. ఆ నాడె కొమ్ముతో చేసినది, రెండు కొసలా మొనదేలి పడవలా ఉండేది. మా బాపు బట్టల దుకాణానికి బట్ట తెచ్చే నేతపనివాళ్ళు దాన్ని చూసి, "మా మగ్గం నాడె పిల్లను పెట్టినట్టుందే" అని నవ్వేవారు.

అత్త అంటే మా బాపమ్మ సొంత చెల్లెలి కూతురు, బాపుకు చెల్లెలి వరస. పిల్లలు కలగలేదని మొగుడు స్టేషన్ ఘన్‌పూర్‌లో పుట్టింటి గుమ్మం ముందు వదిలేసి పోతే, తల్లి కూడా పోయాక వదినెల చేతి కింద ఉండలేక, ఒక రేకు పెట్టెతో వచ్చి మా వెనకగదిలో చేరింది. కడుపు నిలవక దవాఖానలో నెలల తరబడి పడుకున్న రోజుల్లో అక్కడి నర్సమ్మ ఒకామె ఆమెకు ఈ పని నేర్పిందట. బిడ్డ దక్కని మంచం మీద దక్కిన విద్య అది.

ఎడమచేతి వేళ్ళ చుట్టూ దారం చుట్టి, కుడిచేత్తో నాడెను దాని కిందనుంచీ పైనుంచీ దూర్చి ముడి వేస్తారు. వరసగా ముడులు పడ్డాక నాడె దారం లాగితే అవన్నీ జరిగి దగ్గరికొచ్చి, వలయం పువ్వురేకులా మూసుకుంటుంది. ముడుల మధ్య అక్కడక్కడ దారాన్ని కొంచెం ఎత్తుగా వదులుతారు, అత్త దాన్ని చెవి అనేది. లెక్క తప్పితే రేకు వంకరపోతుంది కాబట్టి పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకునేది. ఆ పెదవులే ఆమె కొంప ముంచాయి.

"నోట్లె ఏం సదువుతానవే?" అని బాపమ్మ వంటింట్లోంచి అడిగేది.

"లెక్క పెట్టుకుంటాన పెద్దమ్మా. ఐదు ముళ్ళు, ఓ చెవి, మల్ల ఐదు."

"లెక్కకు నోరెందుకే, వేళ్ళు లెవ్వా?"

"వేళ్ళు ఖాళీగ లెవ్వు గదా పెద్దమ్మా" అని అత్త నవ్వేది. బాపమ్మ నవ్వేది కాదు.

వాడలో ఆడవాళ్ళు అడిగితే అత్త లేదనకుండా అల్లి ఇచ్చేది. దారం ఎవరిది వాళ్ళు తెచ్చుకుంటే చాలు. ఎదురింటి ఆమె కూతురి జాకెట్టు చేతులకు, పక్కింటి పిల్లగాడి టోపీకి, మూలమీది దుకాణం ఆమె పెట్టె మీది గుడ్డకు అన్నిటికీ అత్త లేసే. తీసుకునేటప్పుడు "వదినె చేతిల ఏముందో గాని" అని మురిసిపోయేవాళ్ళే వీధి మలుపు తిరగ్గానే, పిల్లలు లేని మనిషి అన్నేసి ముళ్ళు ఎందుకు వేస్తుందో అని గొణిగేవారు. నేను విన్నాను. విని అత్తతో చెప్పలేదు, ఎందుకంటే నాకూ ఆమె మీద అనుమానం ఉంది.

నా అనుమానం వేరు. నేను ఎన్ని ముడులు వేసినా నా వలయం మూసుకునేది కాదు. ఆమె వేసిన ముడీ నా ముడీ పక్కపక్కన పెడితే తేడా తెలిసేది కాదు, కాని ఆమెది లాగితే జరిగేది, నాది గడియ పెట్టినట్టు నిలిచిపోయేది. అడిగితే ఎప్పుడూ ఒక్కటే మాట: "ఎడమ చెయ్యి వదులు బిడ్డా." వదిలితే ముడి ఊడిపోదా? ముడి వేసేటప్పుడు చెయ్యి బిగించమనాలి గాని వదలమనడమేమిటి? అసలు కిటుకు దాచిపెట్టి నన్ను దారి తప్పిస్తోందని నేను తీర్మానించుకున్నాను. తర్కం నాకు చిన్నప్పటినుంచీ ఉంది, దురదృష్టవశాత్తు అది అప్పట్లో అనుమానానికి చాకిరీ చేసేది.

ఇంతలో మా చిన్నమ్మ, బాపు తమ్ముడి భార్య, రెండు నెలల కొడుకుతో పుట్టింటినుంచి వచ్చింది. పసివాడున్న ఇంట్లో ముడులు వేయకూడదని బాపమ్మ ఆజ్ఞ వేసింది. అత్త నాడె వెనకగది దాటకూడదు, నేను అసలే ముట్టకూడదు. నాకు మధ్యాహ్నాలు ఉయ్యాల ఊపే పని పడింది. అట్టముక్కను నాడెలా కత్తిరించి, దుకాణంలో గుండీలు కుట్టే నల్లదారం దానికి చుట్టి, ఒక చేత్తో ఉయ్యాల ఊపుతూ మధ్యమధ్య రెండేసి ముడులు వేస్తూ, అత్త దాచిన కిటుకు నేనే కనిపెడతానని కూర్చునేదాన్ని. ఒకరోజు బాపమ్మ కడియాల చప్పుడు వినబడింది. దారం పుటుక్కున తెంపి, అట్టముక్కను నడుములో దోపుకుని, ముడుల వలయాన్ని పిల్లవాడి పక్కబట్ట కిందికి తోసేశాను. తర్వాత మరిచిపోయాను.

రెండు రోజులకు పిల్లవాడు పాలు తాగడం మానేసి వాంతులు చేసుకోసాగాడు. మా అమ్మా చిన్నమ్మా దవాఖానకు తీసుకుపోయి మందు తెచ్చారు. వాళ్ళు వచ్చేలోగా బాపమ్మ పక్కబట్టలు దులిపింది.

నడిమింట్లో బాపమ్మ ఆ వలయాన్ని పటకారుతో పట్టుకుని నిలబడింది. గుమ్మంలో వాడ ఆడవాళ్ళు, వాళ్ళ వెనక దుకాణంనుంచి పరుగున వచ్చిన బాపు, తాళాలగుత్తి వేళ్ళ మధ్య తిప్పుకుంటూ. నేను గోడకు ఆనుకుని ఉన్నాను. "ఇది నీదా, కాదా? నా చెల్లె కడుపున పుట్టినవని తిండి పెడితె, నా మనుమని తొట్టెల ముళ్ళు పెడ్తవా?" అంది బాపమ్మ.

అత్త పటకారులోంచి వలయాన్ని తీసుకుంది. కొస పట్టి ఒక్కసారి లాగింది. అది కదలలేదు. కదలని వలయం ఆ ఇంట్లో ఎవరు వేస్తారో ఆమెకు తెలుసు. ఆమె కళ్ళెత్తి నన్ను చూసింది. పెట్టెలోంచి నాడె తెప్పించి, అందరి ముందు ఒక వలయం వేసి లాగి చూపిస్తే చాలు. ఇదిగో నాది మూసుకుంటుంది, ఇది మూసుకోదు, ఇది నాది కాదు. ఇంతకన్నా గట్టి రుజువు నా జీవితంలో ఏ సభలోనూ నేను చూపించలేకపోయాను. ఆమె ఆ రుజువును పిడికిట్లో మూసేసింది.

"నాదే పెద్దమ్మా. పొయ్యిల ఎయ్యి" అంది.

"చూసిండ్లా, తన నోటితోనే ఒప్పుకున్నది" అని ఎదురింటి ఆమె, కూతురి జాకెట్టుకు అత్త లేసు వేయించుకున్న ఆమే, అందరికన్నా ముందు అరిచింది. బాపు తాళాలు తిప్పడం ఆపాడు, అంతకుమించి ఏమీ చేయలేదు. నేను నోరు విప్పలేదు.

ఆ సాయంత్రం అత్త పెట్టె సర్దుకుంటుంటే నేను వెనకగది గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఆమె నన్ను చేత్తో లోపలికి పిలిచింది. దగ్గర కూర్చోబెట్టుకుని, నా వేళ్ళ చుట్టూ తెల్లదారం చుట్టి, నాడె నా కుడిచేతికిచ్చింది. ముడి వేశాను. అప్పుడామె నా ఎడమచేతి వేళ్ళను తన అరచేతిలోకి తీసుకుని కిందికి వంచింది, మెల్లగా, నిద్రపోయే పిల్లల చేతిలోంచి గిలక్కాయ తీసుకున్నట్టు. "ఇగ లాగు" అంది. ముడి ఈ దారంమీదినుంచి ఆ దారంమీదికి ఠక్కున దూకింది. నాడె దారం మధ్యలో తిన్నగా నిలిచింది, నేను చుట్టిన దారమే దాని చుట్టూ ముడిగా మారింది. ఐదు ముళ్ళు వేసి లాగాను, వలయం మూసుకుంది. ఆమె నెలల తరబడి చెప్పింది నిజమే, దాచింది ఏమీ లేదు. నాడె తీసుకుని పెట్టెలో పెట్టుకుంది. ఆమెకు మిగిలిన ఆధారం అదొక్కటే.

మర్నాడు పొద్దున పాసింజరులో వెళ్ళిపోయింది. ఆ సాయంత్రానికే పిల్లవాడు పాలు తాగాడు. ఆ ఘనత దవాఖాన మందుకు కాక ఆమె ఎక్కిన రైలుబండికి దక్కింది. వాడలో ప్రతి ఇంటా బ్లేడుతో జాకెట్ల చేతులకు, టోపీలకు ఉన్న లేసు కోసి బయట పారేశారు. వీధి పొడుగునా తెల్లటి పువ్వులు మురికికాలవలో తేలడం నాకు గుర్తు. మా అమ్మ నా గౌను మెడనుంచి కోసిన ముక్కను మాత్రం ఎవరూ చూడకుండా తన చీరల అడుగున దాచింది.

ఇంకొక సంగతి చెప్పాలి, ఇన్నేళ్ళూ ఎక్కడా రాయనిది. ఆ వలయాన్ని అక్కడ పెట్టింది నేనే అని తెలిసిన నేను కూడా, ఆమె వెళ్ళిపోయిన కొన్ని నెలలకు, ఊరికే ఎందుకు ఒప్పుకుంటుంది, ఏదో ఉండే ఉంటుంది అని అనుమానించడం మొదలుపెట్టాను. రుజువైన అట్టముక్క నా దగ్గరే ఉండగానే అనుమానించాను. మూఢనమ్మకం చదువులేనివాళ్ళ జబ్బని ఎవరైనా సభలో అంటే నేను లోపల్లోపల ఉలిక్కిపడేది అందుకే.

పెద్దయ్యాక వేదికలెక్కి అత్త కథ చాలాసార్లు చెప్పాను. బాపమ్మను రాక్షసిని చేసి, వాడను అజ్ఞానాంధకారం చేసి, చప్పట్లు కొట్టించుకున్నాను. హసన్‌పర్తి దగ్గర ఒక ఊళ్ళో సభ అయ్యాక ఒక ముసలామె లేచి, "అంత మంచిగ చెప్పినవ్ బిడ్డా, మరి ఆ దారం ఎవలిది?" అని అడిగింది. తెలియదన్నాను. ఆమె నన్ను కాసేపు చూసి కూర్చుంది. ఆమె మా అత్త కాదు, జీవితం అంత అందంగా కథలు అల్లదు. స్టేషన్ ఘన్‌పూర్‌కు నేను వెతుక్కుంటూ వెళ్ళేసరికి అత్త ఎటు పోయిందో చెప్పేవాళ్ళు లేరు.

లిఫ్టు దగ్గర నేను మామూలుగానే ఉపన్యాసం మొదలుపెట్టాను. ఇది టాటింగ్ అనే లేసు, ఎవరో నేర్చుకుంటున్నారు, ఇంకా చెయ్యి తిరగలేదు అన్నాను. "నల్లదారంతోని లేసు ఎవరల్లుతరు ఆంటీ? అల్లితె చెప్పరా?" అన్నాడు సెక్రటరీ. గుంపులో ఎవరో ఒకరు నేల చూపులు చూస్తుండాలి, ఫోనులో చూసి నేర్చుకుంటున్న ఏ అమ్మాయో, ఏ కోడలో. నేను వెతకలేదు. మెట్ల దగ్గర అంట్లు తోమే ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంటోంది.

"నాదే" అన్నాను. "సంచిలోంచి పడిపోయింది."

సత్యాన్వేషణ గురించి మూడు పుస్తకాలు రాసిన మనిషిని, ఎవరో అన్న నోటితోనే, అంత మందిలో తడబడకుండా అబద్ధం చెప్పాను. ఆ వలయాన్ని ఎవరైనా ఒక్కసారి లాగి, ఇన్నేళ్ళుగా నేను అల్లుతూ సంచిలో పెట్టుకు తిరిగే లేసును కూడా లాగి చూస్తే దొరికిపోయేదాన్ని. ఎవరూ లాగలేదు. లాగి చూడటం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మధ్యలో కెమెరా వచ్చింది, అంతే.

అంట్లు తోమే ఆమె పని పోలేదు. కాని ఆమె ఇప్పుడు నేనిచ్చిన టీ తాగడం లేదు, "వద్దమ్మా, తాగే వచ్చిన" అంటోంది. చంటిపిల్లల తల్లులు నేను లిఫ్టులో ఉంటే మెట్లెక్కుతున్నారు. మా భవనం వాళ్ళకు నేను లేని ఇంకొక వాట్సాప్ గ్రూపు ఉందని వినికిడి. బాపమ్మ ఎంత కఠినురాలైనా పటకారు పట్టుకుని ఎదురుగా నిలబడి అడిగింది. నన్ను ఎవరూ ఏమీ అడగడం లేదు.

మధ్యాహ్నాలు వసారాలో తలుపు బార్లా తీసి, కుర్చీ వేసుకుని తెల్లదారంతో అల్లుతున్నాను. ఐదు ముళ్ళు, ఓ చెవి, మళ్ళీ ఐదు. నా పెదవులు కదులుతూనే ఉంటాయి, కదలనీ. ఆ నల్లదారం వేసినవాళ్ళు ఎవరో ఇంకా రాలేదు. ఫోనులోని బొమ్మ ముడి వేయడం చూపిస్తుంది గాని మన వేళ్ళను తన అరచేతిలోకి తీసుకుని కిందికి వంచదు. అందుకని మెట్లు దిగేవాళ్ళకు నా ఎడమచెయ్యి కనబడేటట్టు కొంచెం పక్కకు తిరిగి కూర్చుంటున్నాను.