తెల్లచీర కొంగుకు పసుపు

బెంగాల్లోని ఖరిదా బజారులో కోటిలింగం గాజుల కొట్టు ఎక్కడంటే ఎవరూ చెప్పలేరు గాని, కన్యకాంబ కొట్టు ఎక్కడంటే పక్కపేట ఇందాలోని బెంగాలీ ఆడవాళ్లు కూడా కళ్లు మూసుకుని దారి చూపిస్తారు. టెక్కలి పక్కనుంచి పెళ్లికూతురుగా వచ్చి, వచ్చీరాని బెంగాలీతోనే వాళ్ల చేతులకు గాజులు ఎక్కిస్తూ స్నేహాలు కలుపుకున్న మనిషి. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. ముందు కయ్యం, ఆనక టీ.

అలాంటి మనిషికి ఒక్క కోరిక మాత్రం తీరకుండా మిగిలిపోయింది. విజయదశమి నాడు దుర్గమ్మను సాగనంపే ముందు బెంగాలీ ముత్తైదువలంతా ఎర్రంచు తెల్లచీరలు కట్టి, అమ్మవారికి సిందూరం దిద్ది, ఒకరి బుగ్గలకొకరు పూసుకుని ఆడతారే, అందులో తానూ ఒకతె కావాలని! ఏటేటా పందిరి పక్కన నిలబడి చూడడమే అయింది. అత్తగారు జోగమ్మ ఉన్నన్నాళ్లూ ఒకటే మాట: "పుణ్యస్త్రీవి, నీకు తెల్లసీరేటే?"

ఈ ఏడు షిబానీ దీదీ ఊరుకోలేదు. ఇందాలో ఉండే ఆవిడకు పెళ్లయినప్పటి నుంచీ గాజులంటే కన్యకాంబ దగ్గరే. పూజకు అయినవాళ్లకు కొత్త బట్టలు పెట్టడం వాళ్ల ఆనవాయితీ. ఎర్రంచు తెల్లచీర తెచ్చి చేతిలో పెట్టి, "దశమికి ఇది కట్టుకుని నా పక్కన నిలబడాలి, అంతే" అంది. కన్యకాంబకు కాలు నేల మీద నిలవలేదు. ఆ చీరను బీరువాలోంచి ఎన్నిసార్లు తీసి చూసుకుందో!

దశమి మధ్యాహ్నం కోడలు ప్రవల్లిక ఫోనులో వీడియో చూస్తూ అత్తకు బెంగాలీ కట్టు కట్టింది. కొంగు కొసను వీపు వెనక నుంచి కుడిచేతి కిందుగా ముందుకు లాగి, మళ్లీ భుజాన వేసి, కెవ్వుమంది.

"ఏటత్తా ఇది?"

కొంగు మూల సరిగ్గా గుండెల మీదకొచ్చి కూర్చుంది. దాని మీద అరచేతిలో సగమంత పసుపు! కొత్తచీర మూలకు పసుపు పెట్టకుండా కట్టే తెలుగు ఆడది ఎక్కడుంది చెప్పండి? పైగా తెల్లచీర. అత్తగారి మాట చెవిలో గింగురుమంటుంటే, దోషం పోవాలని నాలుగు వేళ్లూ ముంచి మరీ అద్దింది. మన కట్టులో ఆ మూల వెనక్కి పోతుంది, ఎవరి కంటా పడదు. వాళ్ల కట్టులో ముందుకొచ్చి కూర్చుంటుందని ఆవిడకేం తెలుసు?

"ఓలమ్మో! మనసుపడి ఇచ్చిన సీర కట్టకముందే పాడుసేసినానని దీదీ అనుకోదేటి?" అంటూ పెరట్లోకి పరిగెత్తి, ఆ మూలకు బట్టలసబ్బు పెట్టి పరపరా రుద్దేసింది. పసుపుకు సబ్బు తగిలితే ఏమవుతుందో ఇంటింటికీ తెలుసు. కంగారులో ఆవిడకే గుర్తు రాలేదు. పచ్చ మరక కాస్తా నెత్తురు రంగుకు తిరిగింది.

మొగుడు కోటిలింగం గుమ్మంలోంచి తొంగిచూశాడు. "ఒక ఎర్రంచు సాల్లేదని ఇంకోటి ఏసినావేటే?"

"నవ్వండి, మీ సొమ్మేటి పోనాది! నానెల్లను." కన్యకాంబ కళ్లనీళ్లు పెట్టుకుంది.

అంతలో ఇందా వైపు నుంచి డప్పుల మోత లేచింది. అమ్మవారిని సాగనంపేస్తారేమో! ఆ మోత వింటే ఇక ఏడుపు ఎక్కడ నిలుస్తుంది? పసుపు, కుంకుమ, తమలపాకులు, మిఠాయి ఉన్న పళ్లెం అందుకుని, "పదండి, తిడితే తిట్టించుకుంతాను" అంటూ మొగుడి బండెక్కింది. ఆ పాడు మూల మాత్రం గుప్పిట్లోనే ఉంది.

పందిట్లో షిబానీ దీదీ ఎదురొచ్చి చేతులు చాచింది. ఆత్రంలో కన్యకాంబ గుప్పిట వదులైంది. మూల జారి బయటపడింది. దీదీ ముఖం పాలిపోయింది. "రక్తమా? ఎక్కడ తగిలింది?"

"కాదు దీదీ, పసుపు!" అని కన్యకాంబ బెంగాలీ, హిందీ, తెలుగు కలగలిపి మొత్తం కక్కేసింది. కొత్తచీరకు పసుపు పెడతామని, తెల్లచీరని భయపడి ఎక్కువ పెట్టానని, సబ్బుతో చెడగొట్టుకున్నానని. "మాఫ్ కరో దీదీ."

దీదీ ఆ తడిమూలను చేతిలోకి తీసుకుంది. పెళ్లికి పసుపు పూయడం వాళ్లకూ ఉంది, పసుపంటే ఏమిటో ఆవిడకు వేరే చెప్పాలా? తన కొంగు మూల తీసి ముందుకు చాచింది.

"నాదీ కొత్తచీరే. నీకొక్కదానికే మంచి జరగాలా? నాకూ పెట్టు, పాగ్లీ, పిచ్చిదానా!"

కన్యకాంబ పళ్లెంలో పసుపు తడిపి, నాలుగు వేళ్లూ ముంచి అద్దింది. తర్వాత ఇద్దరూ మెట్లెక్కి తమలపాకుతో అమ్మవారి మొహం తుడిచారు, సిందూరం దిద్దారు, మిఠాయి నోటికి తాకించారు. దిగీ దిగకముందే ఎవరో వెనకనుంచి కన్యకాంబ బుగ్గలకు ఇంత సిందూరం పులిమేశారు. ఇక చూడాలి ఆవిడ సంబరం! డప్పులు దద్దరిల్లుతుంటే వయసు మరిచి గెంతింది. చీర మీద మరక ఏదో, సిందూరం ఏదో ఆనవాలు చిక్కలేదు.

దేవిని ఎత్తుతున్నారు. ఆ గోలలో షిబానీ దీదీ తన పసుపు మూలను అందరికీ చూపించుకుంటూ తిరుగుతోంది. కన్యకాంబ వెనకాలే పరిగెత్తి, తొందరలో తెలుగులోనే కేకేసింది:

"దీదీ, ఇంటికెల్లి సబ్బు మాత్రం ఎట్టకే!"