ముందు మెమరీ చూడాలి

ఆ బజార్లో కంప్యూటర్లు బాగుచేసే కొట్లు నాలుగున్నాయి. మూడింట్లో గంటలో పనైపోతుంది. నాలుగో కొట్లో కూర్చునే ఆయనకు మాత్రం జనం పెట్టిన పేరు రేపురండి. ఎందుకంటారా? ఏ మిషను తెచ్చి బల్ల మీద పెట్టినా, "ముందు మెమరీ చూడాలండీ, రేపు రండి" అంటాడు. కీబోర్డు మీద టీ ఒలికిందన్నా అదే మాట. స్క్రీను పగిలిందన్నా అదే మాట.

"మీకిదేం జబ్బండీ?" అని ఎదురుకొట్టు ఫొటోగ్రాఫరు ఓసారి మొహమ్మీదే అడిగేశాడు. రేపురండి నవ్వి ఊరుకున్నాడు. నవ్వి ఊరుకోవడంలో ఆయన తర్వాతే ఎవరైనా.

మెమరీ అంటే మరేం కాదు, వేలెడు వెడల్పున్న పచ్చటి పలక. మిషను అప్పటికప్పుడు చేసే పనంతా దాని మీద పెట్టుకునే చేస్తుంది. అందులో ఏ మూలో కాస్త చెడిందనుకోండి, ఇక చూడండి తమాషా. ఒక పూట బంగారంలా నడుస్తుంది. మరో పూట నీలం తెర వేసి చచ్చి ఊరుకుంటుంది. అది చేసిన తప్పుకి తిట్లు మాత్రం సాఫ్ట్‌వేర్‌కి. తొందరగాళ్లు డిస్కులో ఉన్నదంతా చెరిపేసి, మళ్లీ మొదట్నుంచీ ఎక్కించి, చేతులు దులుపుకుంటారు. నాలుగు రోజులకి మిషను మళ్లీ చస్తుంది. చెరిపేసినవి మాత్రం తిరిగి రావు.

ఈ సంగతి ఆయన ఏ పుస్తకంలోనూ చదవలేదు. సొంత అన్నయ్య ఇంట్లో నేర్చుకున్నాడు.

పదకొండేళ్ల కిందటి మాట. వదినకు గొంతు ఆపరేషను చేయాలన్నారు. చేశాక మాట ఉండకపోవచ్చని డాక్టరు ముందే చెప్పేశాడు. ఆవిడ ఏడుస్తూ కూర్చునే రకం కాదు. మనవలకి చెప్పే కథలన్నీ, ఇరవయ్యారు కథలు, కంప్యూటర్ ముందు కూర్చుని తన గొంతుతో రికార్డు చేసిపెట్టింది. అంతలో మిషను ఊరికే ఆగిపోవడం మొదలెట్టింది. మరిది చేతిలో పనే కదా, తీసుకెళ్లమన్నారు. ఆ రోజు ఆయన బల్ల మీద తొమ్మిది మిషన్లున్నాయి. అన్నయ్య మిషన్లో ఏముంటుంది, బిల్లులూ ఉత్తరాలూ అనుకున్నాడు. ఒక్క ఫోను చేసి అడిగితే ఏం పోయేది? అడగలేదు. మొత్తం చెరిపేశాడు. చెరిపేసి అన్నీ ఎక్కించాక, ఆయన కళ్లముందే మిషను మళ్లీ చచ్చింది. అప్పుడు పలక తీసి ఇంకోటి పెట్టి చూస్తే శుభ్రంగా నడిచింది. పది నిమిషాల పని.

మిషను ఇవ్వడానికి వెళ్తే కథలేవిరా అని అడిగాడు అన్నయ్య. "డిస్కు పోయిందన్నయ్యా. పాతది తీసేసి కొత్తది వేశాను" అన్నాడు. ఆలోచించేలోపే అబద్ధం నోట్లోంచి జారిపోయింది. అన్నయ్య "సరేలే" అన్నాడు. వదిన లోపల్నుంచి వచ్చి మంచినీళ్లిచ్చింది. ఆ గ్లాసు ఎలా తాగాడో ఆయనకే తెలియాలి.

మళ్లీ రికార్డు చేసే వ్యవధి లేకుండా మూడో రోజే ఆపరేషనయింది, గొంతు పోయింది. ఎనిమిది నెలలకి మనిషే పోయింది. ఈయన గడప తొక్కలేదు. రావద్దని ఎవరూ అనలేదు, మొహం చెల్లక మానేశాడు. చివరి రోజున కూడా గేటు దగ్గరే నిలబడి వెనక్కి వచ్చేశాడు. పెళ్లి చేసుకోలేదు, ఇల్లంటే ఆయనకు ఆ ఇల్లే. ఇప్పుడు కొట్టు వెనక గదిలో ఒక మంచం, ఒక పొయ్యి, ఒక కంచం. అన్నం తింటూ, ఎవరిదో మిషన్లో నడుస్తున్న మెమరీ పరీక్షని చూస్తూ కూర్చుంటాడు. నలభై శాతం, నలభై ఒకటి. గదిలో కదిలేది ఆ అంకె ఒక్కటే. అది పూర్తయితే బెంగగా ఉంటుందని రెండోసారి పెట్టిన రోజులూ ఉన్నాయి.

మొన్న సోమవారం పొద్దున ఫోను మోగింది.

"చిన్నోడా," అన్నాడు అన్నయ్య. "నా మిషను ఊరికే ఆగిపోతోంది. ముగ్గురు చూశారు. ముగ్గురూ చెరిపేయాలంటున్నారు. నువ్వొకసారి రా."

వెంటనే బయల్దేరాడు. కొట్టు తాళం వేశాడో లేదో చూసుకోవడానికి రెండుసార్లు వెనక్కొచ్చాడు.

అన్నయ్య బాగా వంగిపోయాడు. మిషను పాతది కాదు, వేరేది. "ఆరేళ్లుగా మీ వదిన కథలు టైపు చేస్తున్నానురా, గుర్తున్నవి," అన్నాడు. "ఒక్క వేలితో. పందొమ్మిదయ్యాయి. పోయినవారం నుంచి అక్షరాలు పిచ్చిగీతలైపోతున్నాయి. ఇవి కూడా పోతే మళ్లీ రాసే ఓపిక నాకు లేదు."

రేపురండి మిషను ఆన్ చేయలేదు. చెడ్డ మెమరీతో నడిపినకొద్దీ ఉన్నవి కూడా పాడవుతాయి. మూత విప్పి డిస్కు బయటికి తీశాడు. వెంట తెచ్చిన తన ల్యాప్‌టాప్‌కి తగిలించి, అన్నీ కాపీ చేసి, ఒక్కొక్క కథే తెరిచాడు. పదిహేడు చెక్కుచెదరలేదు. రెండు మాత్రం సగంలో చెడ్డాయి. "ఆ రెండూ కూర్చుంటే గుర్తొస్తాయిలే" అన్నాడు అన్నయ్య, గట్టిగా ఊపిరి వదిలి.

మిషన్లో పలకలు రెండున్నాయి. ఒకటి తీసి పక్కన పెట్టి, రెండోదాని మీద పరీక్ష పెట్టాడు. గంటంబావు పట్టింది, తప్పేం లేదు. అన్నదమ్ములిద్దరూ ఆ గంటంబావూ అంకెలు చూస్తూ కూర్చున్నారు. తర్వాత మొదటి పలక పెట్టాడు. పదకొండు శాతం దగ్గర తెర మీద ఎర్ర గీతలు బారులు తీరాయి. లోపం పలకలో ఉందో, అది కూర్చునే గాడిలో ఉందో తేల్చుకోవాలని గాడి మార్చి చూశాడు. మళ్లీ ఎర్రగా వచ్చింది.

"పలకే పోయిందన్నయ్యా."

అన్నయ్య కుర్చీ దగ్గరకు లాక్కుని తెరకేసి చూశాడు. "అప్పుడు కూడా ఇదేనా?"

కథలు దక్కాయి. కాదంటే ఈ ఇంట్లోకి రేపూ ఎల్లుండీ రావచ్చు, మనిషితో మాట్లాడుతూ అన్నం తినవచ్చు. ఔనంటే ఈ తలుపు ఇవాళే ఆఖరు కావచ్చు. రేపురండికి అన్నీ తెలుసు.

"ఇదే అన్నయ్యా. డిస్కు పోలేదు. నేనే అడక్కుండా చెరిపేశాను. తర్వాత నీతో అబద్ధమాడాను."

"తెలుసు," అన్నాడు అన్నయ్య. "నువ్విచ్చి వెళ్లిన మర్నాడే మూత విప్పి చూశాను. పాత డిస్కే. కొన్నప్పుడు నేను పెన్నుతో రాసుకున్న తేదీ దాని మీద అలాగే ఉంది."

"మరి అడగలేదేం?"

"అడగబోతే మీ వదిన అడగనిచ్చిందా? 'వాడే వచ్చి చెబుతాడు, అప్పటిదాకా మీరేమీ అనకండి' అంది. గొంతుండగా నాతో చెప్పిన ఆఖరి మాటల్లో అదొకటి. ఎనిమిది నెలలూ చూసింది. మెట్ల మీద చప్పుడైతే నువ్వేనేమోనని లేచేది."

రేపురండి తలెత్తలేకపోయాడు. అరవయ్యొక్కేళ్ల మనిషి, చేతిలో స్క్రూడ్రైవరు పట్టుకునే వెక్కి వెక్కి ఏడ్చాడు. అన్నయ్య ఓదార్చలేదు. ఏడ్చినంతసేపూ ఏడవనిచ్చి, అప్పుడు మెల్లగా అన్నాడు.

"ఏమీ అనొద్దంది గానీ, నిన్ను పిలవొద్దనలేదురా. అది నా బుర్రకెక్కడానికి ఇన్నేళ్లు పట్టింది."