దేవేంద్రప్ప సారు చెప్పని చదువు

దేవేంద్రప్ప సారుకు ఎదురుగా మనిషి కనబడకూడదు. కనబడితే ఆ మనిషి ఏం చదివి ఉండాల్సిందో, అందుకు ఇంటర్లో ఏ గ్రూపు తీసుకోవాల్సిందో చెప్పిగానీ వదలడు. ఆదోనిలో ఒక జూనియర్ కాలేజీలో ఆయన జువాలజీ లెక్చరరు. క్లాసులో పిల్లలు చాలక, ఊరంతటికీ చదువులు పంచేవాడు.

ఒకరోజు హోటలు వీరన్న దోసె వేస్తుంటే పిండిగిన్నెలోకి తొంగి చూశాడు.

"ఇది ఎట్ల పులిసినాది వీరన్నా?"

"రాత్రి రుబ్బి పెడితి, పులిసినాది సార్."

"సూక్ష్మజీవులప్పా! నువ్వు మైక్రోబయాలజీ చదవాల్సినోనివి."

"నేను ఏడో తరగతే తప్పినా సార్!"

"ఏం పోయింది? ఓపెన్ స్కూల్లో పది కట్టు. తర్వాత బైపీసీ, ఆపైన డిగ్రీ, పీజీ..."

వీరన్న డిగ్రీ దాకా వచ్చేసరికి దోసె మాడిపోయింది.

ఇంకోసారి హెల్మెట్ లేదని కానిస్టేబులు బండి ఆపాడు. "నీ చూపు శానా పదునప్పా! ఫోరెన్సిక్ సైన్సుకు పోవాల్సింది. డిగ్రీ యాడ చేసినావు?" అని సారు మొదలుపెట్టాడు. ఎండలో నిలబడి అంతా విన్న కానిస్టేబులు చివరికి తన హెల్మెట్టే ఇచ్చి సాగనంపాడు.

ఆయన శిష్యురాలు మహాదేవిది కౌతాళం దగ్గర పల్లె. నీట్ రాయకముందే ఊరు ఆమెను 'డాక్టరమ్మ'ను చేసేసింది. తీరా చూస్తే సీటు వచ్చే ర్యాంకు రాలేదు. తండ్రి దుర్గప్ప హాస్టల్ ఖాళీ చేయించి, ఊరికి తీసుకుపోతున్నాడు. బస్సు నిండా ఊరివాళ్లే. మహాదేవి కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

"ఏమ్మే డాక్టరమ్మా, సీటు వచ్చెనా?" ముందు సీట్లోంచి నాగమ్మ అడిగింది.

బస్సంతా ఇటు తిరిగింది.

"ఏమమ్మా, నీకు గొర్రెలుండాయా?" వెనక నుంచి ఒక గొంతు. చూస్తే దేవేంద్రప్ప సారు!

నాగమ్మ ఇటు మరిచి అటు తిరిగింది. "ఉండాయి సార్. మొన్ననే రెండు సచ్చిపోయినాయి."

"సూసినారా! మనుషుల డాక్టరు ఒక్కడే డాక్టరా? పశువుల డాక్టరు చదువు ఐదున్నరేండ్లు!"

"మరి మా పత్తికి గులాబీరంగు పురుగు పట్టిండాది, దానికెవరు సార్?" అన్నాడు మంజునాథ్ అనే రైతు.

"బీఎస్సీ అగ్రికల్చర్! బైపీసీ చదివి ఎంసెట్ ర్యాంకు తెచ్చుకోవల్ల. రైతుబిడ్డలకు కోటా కూడా ఉండాది."

ఇక బస్సు రెండు పార్టీలైపోయింది. మహాదేవి గొర్రెల డాక్టరు కావాలని నాగమ్మ, పత్తి డాక్టరు కావాలని మంజునాథ్. "చేపలకు చదువు ఉండదా సార్?" అని మధ్యలో కండక్టరు. నీట్ మాట ఎవరికీ గుర్తులేదు.

దుర్గప్ప మెల్లగా తలెత్తాడు. "సార్, మా పాపకు ఏది బాగుంటాదో మీరే సెప్పండి."

అడగకపోయినా చెప్పే మనిషి, అడిగితే తల అడ్డంగా ఊపాడు.

"అది నేనెట్ల సెప్తానప్పా? ఆ పాపనే అడుగు."

నిజమే, ఇంతవరకూ మహాదేవిని ఎవరూ అడగలేదు.

"నాకు పురుగులంటే ఇష్టం నాయనా," అందామె. "ఎంసెట్ ర్యాంకు వచ్చిండాది. అగ్రికల్చర్ చదువుతా."

"పురుగులా?" దుర్గప్ప కూతురి మొహం చూసి నవ్వేశాడు. "దానికి కాలేజీ దాకా ఎందుకమ్మా, మన చేన్లో కావాల్సినన్ని ఉండాయి. ఈ పొద్దే మొదలుపెట్టు!"

బస్సంతా గొల్లుమంది. మహాదేవి కూడా.

తర్వాతి స్టేజీలో సారు దిగాడు. దిగి, రోడ్డు దాటి, ఆదోని బస్సు వచ్చే వైపు నిలబడ్డాడు. ఇటువైపు ఆయనకు పనేమీ లేదని మహాదేవికి అప్పుడు తెలిసింది. చెయ్యి ఊపుదామని కిటికీలోంచి తొంగి చూసింది.

ఆయన ఇటు చూస్తేగా! బర్రెను తోలుకుపోతున్న ఒక ముసలాయన్ని ఆపి, వేళ్లు మడిచి ఏవో కోర్సులు చెబుతున్నాడు. ముసలాయన దిక్కులు చూస్తున్నాడు. బర్రె మాత్రం నిలబడి శ్రద్ధగా వింటోంది.