రాణి మెడకు తోక

మా బావమరిదితో ఊళ్లు తిరగడమంత విసుగు పని నా జన్మలో ఇంకోటి చెయ్యలేదు. ముప్పయ్యొక్క ఏళ్లు రోడ్ల శాఖలో మేస్త్రీగా చేసినవాణ్ణి. కొండ చుట్టూ తిరిగే రోడ్డు నా చేతి మీదుగా పడిందే. వరదకు కొట్టుకుపోయిన కల్వర్టును పదకొండు రోజుల్లో నిలబెట్టి, ఎవర్నీ మెచ్చుకోని ఆఫీసరు చేత శభాష్ అనిపించుకున్నాను. పల్లె బడిలో ఐదో తరగతి దాకానే చదివినా డిక్టేషన్‌లో నాకు తప్పు పడేది కాదు. మాస్టారు నా పలక పట్టుకుని తరగతంతా తిప్పి చూపించేవారు. అంతటివాణ్ణి, రోడ్డు పక్కన మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి, ఒక మనిషి రేకు బోర్డును తడిగుడ్డతో తుడుస్తుంటే చూస్తూ ఉండాల్సొచ్చింది.

ఆ మనిషి మా ఆవిడ తమ్ముడు. బోర్డులు రాసే పెయింటరు. బడి గడప తొక్కలేదు. అక్షరాలు అతనికి బొమ్మలు. నేను చీటీ మీద రాసిస్తే ఆ బొమ్మను ఉన్నదున్నట్టు రేకు మీదికెక్కించేవాడు. చదవడం రాదు, రాత మాత్రం అచ్చుగుద్దినట్టుండేది. కోటకు ఎటు తిరగాలి, రాతి వంతెన ఎంత దూరం, జలపాతానికి ఏ మలుపు అని ఆ రోడ్డంతా దారి చూపేవి అతని బోర్డులే. నిచ్చెన పట్టింది నేను. ఇల్లు కట్టలేదు, పొలం కొనలేదు. "నా బోర్డులో తప్పు చూపినవాడు లేడు" అన్న ఒక్క మాటే అతని ఆస్తి.

ఈ మధ్య చెయ్యి వణకడం మొదలై బ్రష్షు పక్కన పెట్టేశాడు. తన బోర్డులన్నీ ఆఖరుసారి చూసి రావాలని వాళ్లక్క దగ్గర గునిశాడు. ఆ బోర్డులు చూపించే చోట్లు మేమూ ఏనాడూ లోపలికెళ్లి చూసింది లేదు. రెండు పనులూ అవుతాయని నేనే కారు మాట్లాడాను.

ఏ రెండు పనులు! కోట దగ్గర నేనూ మా ఆవిడా బురుజు దాకా ఎక్కి దిగితే అతను కిందే బోర్డుతో కబుర్లాడుతూ కూర్చున్నాడు. జలపాతం హోరు వినపడుతున్నా మలుపు దాటి రాలేదు, బాణం గుర్తు కొంచెం వెలిసిందట. కారు డిక్కీలో రంగు డబ్బాలు, టర్పెంటైన్ సీసా. ఆ వాసనకు మా ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కూడా తమ్ముణ్ణి ఒక్క మాటనదు. నాకు మాత్రం తల ప్రాణం తోకకొచ్చింది.

రెండోరోజు చెరువు గట్టు మీది పాత మేడకు వెళ్లాం. ఈసారి వాళ్లక్క చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చింది. పై అంతస్తులో గైడు ఒక గుంపుకు కథ చెబుతున్నాడు. ఈ కిటికీ దగ్గరే శత్రువు కత్తి రాణిగారి మెడ మీద పడిందట, అందుకే దీన్ని రాణి మెడ అంటారట. నేల మీది ఎర్ర మరకను జనం వంగి వంగి చూస్తున్నారు. తుప్పు మరక అది, పైన ఇనుప కొక్కెం కనపడుతూనే ఉంది.

బావమరిది నా చెవి దగ్గరకొచ్చాడు. "బావా, మనం రాసింది మేడ కదూ?"

దిగి బోర్డున్న కూడలికి నడిచాం. గైడు కూడా వెంటబడ్డాడు. బోర్డు మీద 'రాణి మెడ' అని నిలువెత్తు అక్షరాలు. మకు ఏత్వమిస్తే మే, ఎత్వమిస్తే మె. ఏత్వానికి ఉండాల్సిన తోక లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఒక్క తోక వదిలేసి ఇన్నేళ్లూ తప్పు లేదని చెప్పుకు తిరిగావా అని నడిరోడ్డు మీద కడిగేశాను. అతను కారు దగ్గరకెళ్లి డిక్కీ తెరిచి, తీగకు గుచ్చి దాచుకున్న పాత చీటీల కట్ట తీశాడు. రంగు మరకను బట్టి ఒకటి గుర్తుపట్టి నా చేతిలో పెట్టాడు.

"నువ్వే చదువు బావా."

నా చేతిరాతే. తిప్పి చూశాను, వెలుతురుకు ఎత్తి చూశాను. తోక లేదు.

"డిక్టేషన్‌లో తప్పు పడని చెయ్యి కదండీ ఇది?" అంది మా ఆవిడ.

తప్పు నాదే అన్నాను. ముప్పయ్యొక్క ఏళ్ల ఉద్యోగంలో అనని మాట అది. బావమరిది గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

ఆ బోర్డుకు తోక పెడితే తన కథేం కావాలని గైడు లబలబలాడాడు. మా ఆవిడ తేల్చేసింది, రాణి మేడెక్కి మెడ చాచి చెరువు చూసేదని చెప్పుకోమంది. అతను కాసేపు పెదాలు కదిపి చూసుకుని, పర్లేదన్నాడు. నిచ్చెన కూడా తనే తెచ్చాడు.

బావమరిది బ్రష్షు ముంచి నాకిచ్చాడు. "నా చెయ్యి వణుకుతోంది. ఎక్కు. నిచ్చెన నేను పడతాను."

జీవితంలో బ్రష్షు పట్టనివాణ్ణి. ఊపిరి బిగబట్టి తోక గీశాను. చెయ్యి తియ్యగానే రంగు ధారకట్టి 'డ' దాకా జారింది.

అతను నిచ్చెన వదలకుండానే తలెత్తి చూశాడు.

"నా బోర్డులన్నిట్లో ఇదొక్కటే కారింది బావా," అన్నాడు. "అది నువ్వు గీసిందే."

అక్కడ మొదలుపెట్టి ఇల్లు చేరేదాకా అదే మాట.